సినిమాలో లేని ఆవు

మా ఊరి డెయిరీకి పొద్దున పాలు పోసే వేళ మీరెప్పుడైనా వస్తే, ఇంట్లో చూసిన సినిమా గురించి మాత్రం నోరెత్తకండి. ఎత్తారా, క్యూలో ఉన్న ఆడవాళ్ళందరూ హనుమక్క వైపు తిరుగుతారు. ఆమె క్యాను కింద పెడుతుంది, కొంగు నడుముకు బిగిస్తుంది, ఇక ఆ పూటకు నా పని అయినట్టే. పాలబండి డ్రైవరు రోడ్డు మీద హారన్ కొట్టి కొట్టి నా ఏడు తరాలనూ తలుచుకుంటాడు. నా పేరు గిరీశ్. ఈ డెయిరీ సెక్రెటరీని. పాలు తూచడం, మిషన్లో వెన్న శాతం చూడటం, పేరు పిలిచి చీటీ ఇవ్వడం, ఇదీ నా ఉద్యోగం. సినిమాలు వినడం నా ఉద్యోగంలో లేదని చాలాసార్లు అరిచాను. అరిచి, మిషను ఆపి, నేనూ విన్నాను.

మాది ముల్బాగల్ తాలూకా, కురుడుమలెకు పోయే దారిలో ఊరు. రాగి, మామిడి, పట్టుపురుగులు, ఆవులు. వీటిలో ఏ ఒక్కటీ మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు. అయినా ఇప్పుడు ఇంటింటికీ టీవీ ఉంది. ఉన్న కాస్త తీరికలో జనం ఏదో ఒకటి చూస్తూనే ఉంటారు. కన్నడవి, తెలుగువి, ఎక్కడో కొరియాలో తీసి తెలుగులో మాటలు కలిపినవి కూడా. చూడటం ఎవరింట్లో వాళ్ళు చూస్తారు. తీర్పు మాత్రం డెయిరీ దగ్గర.

ఆ తీర్పులు చెప్పేది హనుమక్క. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. ఒకసారి మంచుకొండల్లో హత్యల సిరీస్ ఒకటి మా ఊరిని ఊపేసింది. హనుమక్క తేల్చేసింది: "ఆ పోలీసాయప్ప అన్ని భాగాలూ సిగరెట్టు తాగతానే ఉండాడు. హంతకుణ్ణి పట్టేదానికి సిగరెట్టు యెందుకప్పా? ఆ ఊర్లో పాలు పోసే ఆడోళ్ళను అడిగింటే మొదటి భాగంలోనే చెప్పిందురు." మరోసారి పెద్ద బంగళా సీరియల్ గురించి: "పొద్దున లేస్తానే పట్టుచీర కట్టుకోని వంటింట్లోకి పోతాది. ఆ చీరకు మన పురుగులు యెన్ని చచ్చినాయో దానికి తెలుసునా?" ఒక ప్రేమకథను అయితే రెండు మాటల్లో పూడ్చేసింది. "ఉప్పు లేని సంగటి" అంది, అంతే. ఆ రోజు నుంచి ఆ సినిమాను మా ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఈ తీర్పరి గురించి ఒక సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో విసరడం నాకు చేతకాదు. హనుమక్క అప్పటిదాకా తన జన్మలో ఒక్క సినిమా చివర కూడా చూడలేదు.

ఆమె పుట్టింది కె.జి.ఎఫ్.లో, బంగారు గని కార్మికుల లైను ఇళ్ళలో. తాత చిత్తూరు వైపు నుంచి గనిలో పనికి వచ్చాడు, నాన్న కూడా గనిలోనే దిగాడు. నాన్నకు పొద్దుటి షిఫ్టు పడిన వారం అమ్మా కూతురూ రాబర్ట్‌సన్‌పేటకు నడిచి మార్నింగ్ షోకు పోయేవాళ్ళు. హీరో విలన్ ఇంటి తలుపు తన్నే వేళకు సరిగ్గా షిఫ్టు దిగే సైరన్ మోగేది. సైరన్ వినబడగానే హాల్లో గని ఇళ్ళ ఆడవాళ్ళందరూ లేచిపోయేవాళ్ళు. సగం కుర్చీలు ఖాళీ. మగవాడు భూమి అడుగు నుంచి పైకొచ్చి, ఒళ్ళంతా దుమ్ముతో గడప దగ్గర నిలబడితే, అండాలో వేడినీళ్ళు సిద్ధంగా ఉండాలి. అది ఆ లైన్ల కట్టుబాటు. సినిమా ఎంత గొప్పదైనా దానికి మినహాయింపు లేదు.

దారిలో అమ్మ అడిగేది: "ఇంగ యేమైయుంటాది పాపా?" కూతురు నడుస్తూ నడుస్తూ చెప్పేది. లైను ఇంటికి చేరేసరికి విలన్ చచ్చేవాడు, చెల్లెలి పెళ్ళి అయ్యేది, విడిపోయిన అన్నదమ్ములు కలిసేవాళ్ళు. స్నానం చేసి సంగటి ముందు కూర్చున్న నాన్న "సినిమా యెట్లుండాది?" అంటే, అమ్మ ఆ చివరను కళ్ళారా చూసినట్టే చెప్పేది. నాన్న నమ్మేవాడు. మరుసటి రోజు భూమిలోపల, రాళ్ళ మధ్య, తోటివాళ్ళకు అదే చెప్పేవాడట. అట్లా ఒక ఆడపిల్ల అల్లిన చివరలు భూమి లోపలికి దిగిపోయాయి. నాకు ఈ ముచ్చట ఎంత ఇష్టమో చెప్పలేను.

తర్వాత పెళ్ళయింది. ఆదినారాయణప్పకు ఇచ్చారు, మా ఇంటి పక్కిల్లే. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే. ఆ ఇంట్లో సైరన్ లేదు, పట్టుపురుగులున్నాయి. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడవడం, దాటిన పురుగు ఎట్లా తింటుందో చూసినవాళ్ళకే తెలుసు. ఆకు వేసిన కాసేపటికి గదిలో వాన పడుతున్నట్టు చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు ఆగిపోయిందంటే మళ్ళీ ఆకు కావాలని. టీవీలో ఆదివారం సినిమా ఒక కొలిక్కి వచ్చేసరికి సరిగ్గా ఆకు వేసే వేళ అవుతుంది. పురుగు లేని రోజుల్లో పాలు పితికే వేళ. రెండూ లేకపోతే ఆదినారాయణప్ప ఉన్నాడు. మంచివాడే, కానీ రిమోటు చేతికొస్తే టమోటా ధర చూడకుండా ఉండలేడు.

మీరు అడగొచ్చు, మిగతావాళ్ళు చివర చూడరా అని. అదే మా ఊరి విచిత్రం. అందరి ఇళ్ళలో అదే వేళకు అదే ఆకు, అదే ఆవు. ఆడవాళ్ళెవరూ చివర చూడరు. మగవాళ్ళు అప్పటికి గురక పెడుతుంటారు. నేను సాయంత్రం పాలకు డెయిరీ తెరుస్తుంటాను. హనుమక్క ఒక్కతే చివర చెప్పగలదు కాబట్టి, ఆమె ఇంట్లో ఆ వేళకు ఆదినారాయణప్ప ఆకు వేస్తాడు కాబోలు అనుకున్నాం. ఆదినారాయణప్ప ఆకు వేయడం! పురుగుల గదిలోకి అతను పోయేది తలుపు గొళ్ళెం ఊడితే బిగించడానికి మాత్రమే.

కాస్త బుద్ధి పెట్టి ఉంటే మాకు అనుమానం వచ్చి ఉండాల్సింది. ఎందుకంటే హనుమక్క చెప్పే ప్రతి చివరలోనూ ఎక్కడో ఒక ఆవు ఉండేది. బొంబాయి దొంగల కథలో కూడా ఉండేది. దొంగలకూ పాలు కావాలి కదా అని సర్దుకున్నాం.

ఇక మునిలక్ష్మి సంగతికి వస్తాను. మునిలక్ష్మి భర్త మంజు మామిడి లోడు బండి బోల్తా పడి పోయాడు. మునిలక్ష్మి ఇంకా వయసులో ఉన్న పిల్ల. ఆమెకు ఉన్నది బడికి పోయే కూతురు రక్షిత, ఒక సీమ ఆవు. ఉమ్మడి ఇల్లు. మంజు అన్న ఆవులప్ప ఆ ఇంటికి పెద్ద. గొంతు పెంచి మాట్లాడటం ఆయనకు రాదు. మెత్తగా, చేతులు కట్టుకుని, ఎదుటివాళ్ళ మంచి కోరుతూ మాట్లాడతాడు. అటువంటి మనిషిని ఎదిరించడం ఎంత కష్టమో ఆ చేతిలో పడినవాళ్ళకే తెలుసు. పురుగుల తట్టలన్నీ "నీకెందుకమ్మా శ్రమ" అంటూ తన వైపు గదిలోకి మార్చుకున్నాడు. తర్వాత "పుట్టింట్లో ఉంటే పాపకు బాగుంటాది గదా" అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత డెయిరీలో మంజు పేరున్న సభ్యత్వం తన పేరుకు మార్చడానికి కాగితం తెచ్చాడు. మునిలక్ష్మి సంతకం ఒక్కటే తక్కువ.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవులప్ప డెయిరీ కమిటీలో మనిషి. "ఆమె వచ్చి పెట్టాల సంతకం, మీరు పెడితే కుదరదు" అని మాత్రం అన్నాను.

ఆ రోజుల్లోనే ఒక సినిమా ఊరంతా చూసింది. పెద్ద నగరం, పెద్ద బంగళా, ముందర కార్లు నిలిపే పోర్టికో. ఆ ఇంటి కోడలు, ఆమె భర్త చచ్చిపోవడం. మిగతాది హనుమక్క నోటనే వినండి. ఆ పొద్దు క్యూలో మునిలక్ష్మి కూడా ఉంది. ముఖం ఉబ్బి ఉంది. మరుసటి రోజు పుట్టింటికి పోతోందని అప్పటికే ఊళ్ళో తెలుసు.

"మొగుడు పోయినాడప్పా ఆ యమ్మకు. ఇంగ బావ, మరుదులు చుట్టూ కూచోని తేనె పూసిన మాటలు చెప్తాండారు. నీ మంచికే చెప్తాండాము, ఈడ ఒంటిగా యేం చేస్తావు, పుట్టింటికి పో అని. ఆ యమ్మ నోరెత్తలే. బ్యాగు సర్దుకునింది."

క్యూలో ఎవరూ మునిలక్ష్మి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

"తర్వాత?" అంది ఎవరో.

"తర్వాత యేముండాది! గేటు దాటినాది. బస్టాండు దాకా పోయినాది. బస్సు వచ్చినాది. కండక్టరు యెక్కమ్మా అన్నాడు. ఆ యమ్మ యెక్కలే. నేనేం తప్పు చేసినానని పోవాల, అనుకునింది. తిరుక్కోని ఇంటికి వచ్చేసినాది. సక్కగా పెరట్లోకి పోయి, తన ఆవును విప్పుకోని, ముందర పోర్టికో స్తంభానికి కట్టేసినాది. బావ బయటికొచ్చి యేందమ్మా ఇది అన్నాడు. ఆ యమ్మ తలెత్తి ఒకటే మాట అన్నాది. పాలు పితికే వేళయింది బావా, జరుగు అని!"

డెయిరీలో ఈల పడింది. ఎవరు వేశారో నాకు తెలుసు గానీ చెప్పను, ఆమెకు మనవలున్నారు. ఇక్కడ మా ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. ఉమ్మడి ఇంట్లో ఉన్నంతకాలం ఆవులన్నీ పెరట్లో కడతారు. ఇంటి వాటా నాది, నేను వేరుగా ఉంటాను అనే మనిషి తన ఆవును తెచ్చి వీధి వాకిట్లో కడతాడు. అట్లా కట్టిన ఆవును ఇంకొకరు విప్పకూడదు. విప్పితే ఇంటి మీద పడ్డట్టే లెక్క. అందుకే ఆ చివర మాకు అంత బాగా అర్థమైంది. నగరంలో బంగళా వెనక పెరడు ఎక్కడిది, పోర్టికోలో ఆవేమిటి అని ఒక్కరికీ తట్టలేదు.

మునిలక్ష్మి మాత్రం ఒక ప్రశ్న అడిగింది. చాలా రోజుల తర్వాత ఆమె గొంతు విన్నాం.

"ఆవును ముందర కట్టినాదా అక్కా? నిజంగానా?"

"ముందరే! స్తంభానికి!" అంది హనుమక్క.

మరుసటి రోజు పొద్దున మునిలక్ష్మి బస్సెక్కలేదు. ఆమె ఆవు వీధి వాకిట్లో స్తంభానికి కట్టి ఉంది. నేను డెయిరీకి పోతూ నా కళ్ళతో చూశాను. ఆవులప్ప గడపలో నిలబడి, చేతులు కట్టుకోవడం కూడా మరిచిపోయి, ఆవు వైపు చూస్తున్నాడు. ఆవు తన మానాన నెమరు వేస్తోంది. మునిలక్ష్మి డెయిరీకి వచ్చి, నా బల్ల ముందు నిలబడి, "అన్నా, మంజు పేరు తీసి నా పేరు రాయి" అంది. కమిటీ కూర్చోవాలమ్మా అన్నాను. "కూచోనీ. నేను యాడికీ పోను" అంది.

కమిటీ కూర్చోలేదు. ఆవులప్ప కూర్చోనివ్వలేదు. ఈ వారం జాతర, వచ్చే వారం మామిడి కోత. మునిలక్ష్మి రోజూ పాలు పోస్తూనే ఉంది, నేను రోజూ చచ్చిపోయిన మంజు పేరు పిలుస్తూనే ఉన్నాను. ఆ పేరు పిలిచిన ప్రతిసారీ ఆమె ముఖం చూడలేక చీటీ వైపు చూసేవాణ్ణి.

అప్పుడు వచ్చింది నేత్ర. ఆవులప్ప కూతురు. రాబర్ట్‌సన్‌పేటలో సెల్‌ఫోన్ల అంగడిలో పని చేస్తుంది, అక్కడే స్నేహితురాలితో గది తీసుకుని ఉంటుంది. పురుగులూ ఆవులూ లేని గది, సినిమాలు చివరిదాకా చూస్తుంది. సెలవుకు ఇంటికి వచ్చి, వాకిట్లో ఆవు చూసి, ఎందుకని అడిగింది. ఎవరో సినిమా సంగతి చెప్పారు. ఆ పిల్ల పకపకా నవ్వి, ఉన్న నిజం అనేసింది. పాపం, ఆమె మనసులో ఏమీ లేదు. కానీ ఆవులప్పకు గొంతులో ప్రాణం వచ్చింది.

మరుసటి పొద్దున కూతుర్ని వెంటబెట్టుకుని, ఆ పాత కాగితం జేబులో పెట్టుకుని డెయిరీకి వచ్చాడు. క్యూ నిండుగా ఉంది. డెయిరీ ప్రెసిడెంటు దాసప్ప కూడా క్యానుతో నిలబడి ఉన్నాడు. మునిలక్ష్మి మధ్యలో ఉంది, హనుమక్క ఆమె వెనకాలే ఉంది.

"చెప్పు నేత్రా," అన్నాడు ఆవులప్ప మెత్తగా. "నిన్న నాకు చెప్పినావు గదా, అందరికీ చెప్పు."

నేత్ర ఇబ్బందిగా చూసింది. "హనుమత్తా, ఆ సినిమా నేను చూసినాను. అట్ల లేదత్తా. ఆ యమ్మ వెళ్ళిపోతాది. తాళాలు గుమ్మం కాడ పెట్టి, అందరి కాళ్ళూ మొక్కి, రైలెక్కి వెళ్ళిపోతాది. తర్వాత బావ ఆ యమ్మ ఫోటో చూసి ఏడుస్తాడు." కొంచెం ఆగి అంది, "ఆ సినిమాలో అసలు ఆవే లేదత్తా."

పాలబండి హారన్ కొట్టింది. ఎవరూ కదల్లేదు.

"ఇనినారు గదా," అన్నాడు ఆవులప్ప. "ఆ యమ్మది పెద్ద మనసు, వెళ్ళిపోయినాది. లోకమంతా మెచ్చుకునింది. ఈడ మా ఇంట్లో పిల్ల యెవరో అల్లిన అబద్ధం నమ్మి గలాటా చేసుకునింది. నాకు కోపం లేదమ్మా మునిలక్ష్మీ. నీ తప్పు కాదు. ఇంగైనా ఆవును పెరట్లో కట్టేసి, ఈడ ఒక సంతకం పెట్టు." కాగితం తీసి నా బల్ల మీద పరిచాడు.

హనుమక్కను అట్లా నేనెప్పుడూ చూడలేదు. ముఖంలో రక్తం లేదు. జనం తనను అబద్ధాలమారి అంటారనే భయం కాదది, బల్ల వెనక నుంచి చూస్తూనే ఉన్నాను కాబట్టి చెప్పగలను. ఆమె చూపంతా మునిలక్ష్మి వీపు మీదే ఉంది. తన నోటి మాట పట్టుకుని ఒక పిల్ల ఇంత దూరం నడిచి వచ్చింది, ఇప్పుడు పడిపోతే ఆ పాపం తనదే అని ఆ చూపులో కనబడింది.

"నిజమే," అంది చివరికి. "నేను చూడలే. ఆ యమ్మ బ్యాగు సర్దే కాడికి నాకు ఆకు వేసే పొద్దయింది. మిగతాది నేను అల్లినాను. ఇది ఒకటే కాదు. ఇన్నాళ్ళూ మీకు చెప్పిన చివరలన్నీ నావే. యే సినిమా చివరా నేను చూసిందాన్ని కాదు."

క్యూలో గుసగుస లేచింది. రామక్క అనే ముసలామె "అయితే ఆ బొంబాయి దొంగ మారలేదా?" అని ఏడుపు గొంతుతో అడిగింది.

హనుమక్క రెండడుగులు వేసి మునిలక్ష్మి ముందుకు వచ్చింది. "తల్లీ, నువ్వు ఆ సినిమాను నమ్మి నిలబడింటే, అది ఉత్తదే. నన్ను తిట్టు, ఊరికే ఉంటాను. కానీ సంతకం మాత్రం యెవరో చెప్పినారని పెట్టొద్దు, నేను చెప్పినానని మానొద్దు. నీకు యేది తోస్తే అది చెయ్యి."

మునిలక్ష్మి క్యాను కింద పెట్టింది. అప్పుడు ఆమె నవ్వింది. ఇది నేను పెంచి చెప్తున్న మాట కాదు, అక్కడున్న అందరూ చూశారు.

"నాకు తెలుసక్కా," అంది.

"యేం తెలుసు?"

"ఆవు లేదని. మా ఇంట్లో ఇప్పుడు పురుగు తట్టలు లేవు గదా. అన్నీ బావ తీసుకునె. ఆ మధ్యాన్నం నాకు పనే లేదు. ఒక్కదాన్నే కూచోని కడదాకా చూసినాను. ఆ యమ్మ కాళ్ళు మొక్కి పోతావుంటే నేనూ ఏడిస్తిని. మంచోళ్ళు అట్లనే పోవాలేమో అనుకోని, సినిమా అయిపోతానే లేసి బ్యాగు సర్దినాను." ఆమె ఆవులప్ప వైపు తిరిగింది. "పొద్దున ఈడికొచ్చినాను. హనుమక్క ఇంకొక చివర చెప్పినాది. అది సినిమాలో లేదని ఈ క్యూలో నాకొక్కదానికే తెలుసు. అయినా ఇంటికి పోయి బ్యాగు విప్పేసినాను. రెండు చివరలూ నా ముందర ఉండాయి బావా. నాకు ఇది నచ్చినాది."

తర్వాత హనుమక్క చేసిన పని, ఆమె తప్ప ఇంకెవరూ చేయలేరు. నడుము మీద చేతులు వేసుకుని తీర్పు చెప్పింది.

"అది కూడా ఒక చివరేనా అప్పా! ఉండేటప్పుడు బయటికి తోసి, పోయినాక ఫోటో కాడ ఏడ్చేదా? దానికి ఆవు లేకపోతే అది తీసినోళ్ళ తప్పు!"

డెయిరీ దద్దరిల్లింది. నవ్వులు, చప్పట్లు, క్యాన్ల మూతలు మోగించడం. పాలబండి డ్రైవరు హారన్ వదిలేసి, ఏమైందో చూద్దామని దిగి వచ్చాడు. రామక్క ఉషారుగా "బొంబాయి దొంగ కూడా మారినట్టే లెక్క, నేనొప్పుకోను!" అని అరిచింది. ఆవులప్ప ఏదో అనబోయాడు. మెత్తటి గొంతు కదా, ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. జన్మలో మొదటిసారి ఆ గొంతు ఆయనకు పనికి రాలేదు. నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను.

నేత్ర బల్ల దగ్గరికి వచ్చి, తండ్రి పరిచిన కాగితాన్ని మడిచి ఆయన జేబులోనే పెట్టేసింది. "పద నాయనా. నిజం చెప్పాలంటే నాకూ పిన్నమ్మ చివరే నచ్చినాది" అంది.

దాసప్ప మునిలక్ష్మి క్యాను ఎత్తి నా బల్ల మీద పెట్టాడు. "యేం గిరీశా, కమిటీ కూచోల కూచోల అంటావు. కమిటీ అంతా ఈడనే నిలబడుండాది చూడు. కూచోకపోతే పోనీ. ఆ పిల్ల పేరు రాయి." క్యూలో ఉన్న కమిటీ వాళ్ళందరూ తలలూపారు. ఆవులప్ప తల ఊపలేదు, అడ్డంగా ఆడించనూ లేదు.

మిషన్లో పేరు మార్చడం పెద్ద పనేమీ కాదు. మంజు పేరు తీసి ఆమె పేరు కొట్టాను. పాలు తూచాను, వెన్న చూశాను. తర్వాత, డెయిరీలో చేరిన రోజు నుంచి ఎప్పుడూ పిలవనంత గట్టిగా పిలిచాను.

"మునిలక్ష్మి!"

"ఉండాను," అంది ఆమె, బడిలో హాజరు పలికినట్టు. చీటీ తీసుకుని, అందులో తన పేరు చదువుకుని, రవికెలో పెట్టుకుని వాకిట్లో ఆవు దగ్గరికి పోయింది.

ఆ తర్వాత హనుమక్క గిరాకీ తగ్గుతుందనుకున్నారా? పెరిగింది. ఇప్పుడు జనం కష్టపడి, ఒకరి ఆకు ఒకరు వేసిపెట్టి, వంతులేసుకుని సినిమా చివర చూసి వస్తున్నారు. వచ్చి, "వాళ్ళది ఇట్లుండాది హనుమక్కా, నీదెట్ల?" అంటున్నారు. రెండూ విని, ఏది గెలిచిందో చేతులెత్తి తేలుస్తున్నారు. సినిమా తీసినవాళ్ళు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా గెలవలేదు. నేత్ర అయితే రాబర్ట్‌సన్‌పేట నుంచి ఫోన్ చేసి మరీ చివర అడుగుతుంది. ఆవులప్ప డెయిరీకి వస్తాడు, పాలు పోస్తాడు, పోతాడు. ఆ మధ్య రక్షిత చేత నాలుగు పురుగుల తట్టలు మునిలక్ష్మి వైపుకు తిరిగి పంపాడని విన్నాను.

పోయిన ఆదివారం సాయంత్రం డెయిరీ తెరిచే పని దాసప్పకు అప్పగించాను. మా ఇంట్లో టీవీ నా భార్య చేతిలో ఉంది కాబట్టి గోడ అవతలికి పోయాను. హనుమక్క ఇంట్లో సినిమా నడుస్తోంది. మునిలక్ష్మి కూడా ఉంది. ఒక ఇల్లాలు, ఆమె మాట ఎవరూ వినని ఇల్లు, అటువంటి కథే. కథ కొలిక్కి వస్తోంది. లోపల పురుగుల గదిలో వాన చప్పుడు ఆగింది. హనుమక్క అలవాటుగా లేవబోయింది.

"కూచో," అన్నాడు ఆదినారాయణప్ప.

రిమోటు ఆమె ఒళ్ళో పెట్టాడు. కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆకు గంప ఎత్తుకుని పురుగుల గదిలోకి పోయాడు. గొళ్ళెం ఊడలేదు. హనుమక్క నోరు తెరుచుకుని ఆ తలుపు వైపే చూస్తుంటే, సినిమా చూడమని మునిలక్ష్మి మోచేత్తో పొడిచింది.

అట్లా హనుమక్క తన జన్మలో మొదటిసారి ఒక సినిమాను చివరిదాకా చూసింది. రెప్ప వేయలేదు. తెర మీద ఆ ఇల్లాలు అందరినీ క్షమించి, పొయ్యి వెలిగించి, మళ్ళీ అదే వంట మొదలుపెట్టింది. పాట వచ్చింది. పేర్లు వచ్చాయి. హనుమక్క పేర్లన్నీ అయిపోయేదాకా చూసి, టీవీ కట్టేసి, "దీనికోసమా నేను ఇన్నేండ్లూ బేజారు పడింది!" అంది.

పురుగుల గదిలో నుంచి ఆదినారాయణప్ప గొంతు వచ్చింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ గొంతు ఒక సినిమా గురించి ఆమెను ఏదైనా అడగడం నేను వినలేదు.

"చివర్లో యేమైంది?"

హనుమక్క నా వైపు చూసింది, మునిలక్ష్మి వైపు చూసింది. కొంగు నడుముకు బిగించింది.

"యేమైయుంటాది!" అని అరిచింది తలుపు వైపు. "ఆ యమ్మ లేసి, ఆవును తెచ్చి వాకిట్లో కట్టేసినాది!"

లోపల కాసేపు ఆకు వేస్తున్న చప్పుడు. మళ్ళీ వాన మొదలైంది.

"మంచి సినిమా," అన్నాడు ఆదినారాయణప్ప.